బడిలో లేని ఫోన్ పార్టీలో ఎందుకు?

టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో 2025-26 విద్యా సంవత్సరం నుంచి పిల్లలు ఫోన్ వాడటానికి వీల్లేదు. హౌస్ బిల్లు 1481 వచ్చాక మొదటి బెల్లు నుంచి చివరి బెల్లు దాకా ఇదే నియమం. మన తల్లిదండ్రుల్లో చాలామంది ‘మంచి పని చేశారు’ అన్నారు. నేనూ అన్నాను.

మరి శనివారం సాయంత్రం సంగతేమిటి? డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎవరింటికి పాట్‌లక్‌కు వెళ్లినా ఒకటే దృశ్యం. కింద పెద్దవాళ్లం బిర్యానీ, వీసాలు, ఇళ్ల ధరలు, ఊరి రాజకీయాలు. పైన గేమ్ రూములో పదిమంది పిల్లలు, పది తెరలు. ఒకరి పేరు ఇంకొకరికి తెలియదు. ‘పిల్లలు అసలు గొడవే చేయడం లేదు’ అని మనం మురిసిపోతాం. నిజానికి మన కబుర్లకు అడ్డు రాకుండా ఆ ట్యాబ్ చేతిలో పెట్టింది మనమే.

పైగా మనలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే ఎందుకు మొదలవుతుందో మనకు వేరెవరో చెప్పాలా? చూసేవాళ్లను లేవనివ్వకపోవడమే దాని పని. ఏడేళ్ల పిల్లను దాని ముందు కూర్చోబెట్టి, లేవలేదని తిడతాం.

అలాగని తెరలన్నిటినీ ఒకే గాటన కట్టను. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దన్నప్పుడు కూడా వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. మా అమ్మాయి తన అమ్మమ్మను గుర్తుపట్టడం నేర్చుకుంది అందులోనే.

కానీ నిరుడు మా అత్తగారు వచ్చి పక్కన కూర్చుంటే, రెండు మాటల తర్వాత ఏం మాట్లాడాలో దానికి తోచలేదు. ఆవిడ చింతపండులోంచి గింజలు ఏరి, పద్నాలుగు కాగితపు కప్పులు రెండు వరుసల్లో పెట్టి వామనగుంటలు మొదలుపెట్టారు. మొదటిరోజు ఓడిపోయి ఏడ్చింది. మూడోరోజు ‘అమ్మమ్మా, తొండి!’ అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. వారం వారం తెలుగు క్లాసుకు పంపుతున్నా ఆ మాట ఎవరూ నేర్పలేదు.

వచ్చే శనివారం పార్టీ మా ఇంట్లోనే. గుమ్మం దగ్గర బుట్ట పెడుతున్నాం. ముందు పెద్దవాళ్ల ఫోన్లు, తర్వాత పిల్లల ట్యాబులు. ఆన్‌కాల్ డ్యూటీ ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. గొడవ అవుతుంది, ఏదో ఒకటి పగులుతుంది కూడా. కప్పులూ చింతగింజలూ సిద్ధం చేసి ఉంచాం.