కేన్సర్ వేషంలో క్షయ

అల్లూరి సీతారామరాజు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

మెడ మీద గడ్డతోనో, ఊపిరితిత్తిలో మచ్చతోనో అరకు రోగి విశాఖ కేజీహెచ్‌కు చేరాలంటే ఘాట్ దిగి 100 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. కేన్సర్ అనుమానం అన్న మాట వినగానే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. అది క్షయ కూడా కావచ్చు.

మెడ గ్రంథుల్లో చేరిన టీబీ లింఫోమాలా కనిపిస్తుంది. పొట్టలో చేరిన టీబీ అక్కడ నీరు చేర్చి, రక్తంలో సీఏ-125 అనే ప్రోటీన్‌ను పెంచి అండాశయ కేన్సర్‌ను తలపిస్తుంది. పెట్ స్కాన్‌లోనూ కేన్సర్ గడ్డలాగే వెలుగుతుంది. దీనికి తలకిందులుగా, ఊపిరితిత్తుల కేన్సర్‌ను టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగించిన ఉదంతాలూ మన దేశంలో ఎన్నో నమోదయ్యాయి. ఆ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

చాలావరకు తేల్చేది ముక్క పరీక్షే. కానీ తీసిన ముక్కంతా ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు పనికిరాదు. కొంత భాగాన్ని సెలైన్‌లో విడిగా ఉంచాలి. పెద్ద ఖర్చేమీ లేదు.

అరకు, పాడేరు ఆసుపత్రుల్లో ముక్క తీసిన ప్రతిసారీ రెండు సీసాలు నింపించండి. సెలైన్ సీసాను ట్రూనాట్ లాంటి జన్యు పరీక్షకూ, కల్చర్‌కూ పంపించండి. టీబీ మందులకు జబ్బు లొంగని రోగిని వెంటనే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయించండి, దారిఖర్చులతో సహా.