మన లంబూను ఎవరు తీసుకుంటారు?

ఈ యేడు మన కాలేజీలో క్యాంటీను మొదలుకొని స్టాఫ్ రూము దాకా నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. మన బాస్కెట్‌బాల్ జట్టు పివట్, నల్లమాడ పక్క పల్లెటూరి కుర్రవాడు, ఆరడుగుల ఆరంగుళాల మనిషి, రేపు డబ్బు తీసుకొని ఆడే ఆటగాడు అవుతాడా, కాడా? పేరు వ్రాయను. అందరూ లంబూ అనే పిలుస్తారు గనుక నేనూ అలాగే అంటాను. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లివచ్చిన నాటి నుంచీ వాణ్ణి కొందరు మిత్రులు ఏకంగా అమెరికా ఎన్.బి.ఏ.కే పంపించేస్తున్నారు. హాస్టలు కబుర్లయితే నవ్వి ఊరుకోవచ్చు. కాని లంబూ ఆఖరు సంవత్సరం చదువు వదిలేసి, ఎక్కడో దూరాన ఒక ప్రైవేటు అకాడమీలో చేరతానంటున్నాడు. ఫీజు కోసం వాళ్ల నాయన రెండెకరాల చెనక్కాయ చేను బేరానికి పెట్టాడు. అందుకని ఈ నాలుగు మాటలు.

నేను ఇక్కడే చదివి, ఇదే సిమెంటు కోర్టులో మోకాళ్లు పగలగొట్టుకొని, ఇప్పటికీ సాయంత్రాలు వచ్చి విజిల్ ఊదేవాణ్ణి. నాకున్న అర్హత అంతే.

ముందు ఆ 'డ్రాఫ్టు' అనేదేమిటో చూద్దాం. ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగును తిరగవేస్తే అదే డ్రాఫ్టు. మన దగ్గర ర్యాంకున్న విద్యార్థి కాలేజీని కోరుకుంటాడు. అక్కడ జట్టే ఆటగాణ్ణి కోరుకుంటుంది. అదీ, నిరుడు బాగా ఓడిన జట్లకే ముందు కోరుకునే అవకాశం ఎక్కువ. ముప్ఫై జట్లు, రెండు రౌండ్లు, మామూలుగా ఏటా అరవై పేర్లు. అమెరికా కాలేజీల నుంచే గాక ప్రపంచం మొత్తం నుంచీ ఆ అరవై మందే! మొదటి రౌండులో పిలిచినవాడికి జీతం ఖాయం. రెండో రౌండు వాడికి పిలుపే ఖాయం, జీతం కాదు.

పొడుగుంటే చాలు, ఎవరో ఒకరు తీసుకుంటారని మనవాళ్ల నమ్మకం. దీనికి 2014 డ్రాఫ్టు మంచి జవాబు. ఆ యేడు ముగ్గురు భారీ మనుషులు బరిలో ఉన్నారు. కామెరూన్ నుంచి వచ్చి కాన్సాస్ విశ్వవిద్యాలయానికి ఒక్క సీజను ఆడిన జోయెల్ ఎంబీడ్, ఏడడుగులవాడు. పాదం ఎముక చిట్లి ఉన్నా మూడోవాడుగా తీసుకున్నారు. సెర్బియా యువకుడు నికోలా యోకిచ్, ఆరడుగుల పదకొండంగుళాలు, పెద్దగా ఎగరలేడు, చూడ్డానికి బొద్దు. నలభై ఒకటో పేరుగా పిలిచారు. ఇక మూడోవాడు సిమ్ భుల్లర్. కెనడాలో పుట్టిన పంజాబీ బిడ్డ, ఏడడుగుల అయిదంగుళాలు, న్యూ మెక్సికో స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడి వాళ్ల కాన్ఫరెన్సు టోర్నమెంటులో వరుసగా రెండేళ్లు ఉత్తమ ఆటగాడైనవాడు. ముగ్గురిలోకీ పొడుగువాడైన అతణ్ణి మాత్రం ఎవరూ పిలవలేదు! 2015 ఏప్రిల్లో శాక్రమెంటో కింగ్స్ పది రోజుల ఒప్పందం ఇస్తే మూడు మ్యాచ్‌లలో దిగాడు. అన్నీ కలిపినా అయిదు నిమిషాలు లేవు. భారతీయ సంతతి నుంచి ఎన్.బి.ఏ.లో ఆడిన మొదటివాడన్న గౌరవం మాత్రం అతనిదే. యోకిచ్ సంగతి చెప్పేదేముంది, 2021, 2022, 2024లలో లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు.

ఎందుకిలా? ఇప్పటి ఆటలో పివట్ రింగు కింద స్తంభంలా నిలబడితే కుదరదు. ఎదుటి జట్టు గార్డు బంతితో వస్తాడు, వాళ్ల భారీ మనిషి స్క్రీన్ పెడతాడు, మన పివట్ మూడు పాయింట్ల గీత దాకా బయటికి రావాలి. ఆ గీత ఎన్.బి.ఏ. కోర్టులో రింగు నుంచి దాదాపు ఇరవై నాలుగడుగుల దూరం. అక్కడ నడుము తిప్పి, తనకంటే అడుగు పొట్టివాడితో సమానంగా పరుగెత్తి, మళ్లీ రింగు దగ్గరికి రావాలి. ఒక్కసారి కాదు, మ్యాచ్ పొడుగునా. నూట అరవై కిలోల మనిషి వల్ల అయ్యే పనేనా? 2009లో టాంజానియా యువకుడు హషీమ్ థబీట్‌ను ఏడడుగుల మూడంగుళాలున్నాడని రెండోవాడుగా తీసుకొన్నారు. అదే డ్రాఫ్టులో ఏడోవాడుగా పోయిన ఆరడుగుల రెండంగుళాల స్టీఫెన్ కర్రీ ఆట తీరునే మార్చేశాడు. థబీట్ పేరు ఇప్పుడెవరికి గుర్తుంది?

మన దేశం సంగతీ ఉంది. పంజాబులో బల్లో కే అనే చిన్న పల్లె రైతు కొడుకు సత్నాం సింగ్, ఏడడుగుల రెండంగుళాలు, కుర్రతనంలోనే స్కాలర్‌షిప్పు మీద ఫ్లోరిడా వెళ్లాడు. 2015లో డాలస్ మావెరిక్స్ యాభై రెండో పేరుగా పిలిచింది. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లలో అతనే మొదటివాడు. దేశమంతా పండగ చేసుకున్నాం, నేనూ చేసుకున్నాను. అయినా ఎన్.బి.ఏ. సీజను మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. కింది లీగులో రెండేళ్లు ఆడి, తరువాత కుస్తీ ప్రదర్శనల వైపు వెళ్లాడు. ఒక మాట గమనించండి: అతని వెనుక స్కాలర్‌షిప్పు ఉంది. చేను అమ్మలేదు.

ఇక మన లంబూ. ఇక్కడ మనకు కొండలా కనిపిస్తాడు గాని, ఎన్.బి.ఏ. లెక్కలో ఆరడుగుల ఆరంగుళాలంటే గార్డు ఎత్తు. గార్డు పని, అంటే బంతి తెచ్చి ఇవ్వడం, దూరం నుంచి వేయడం, వాడికి రాదు. ఇంటరులో దాకా వాలీబాల్ ఆడాడు, బాస్కెట్‌బాల్ పట్టి మూడేళ్లే. కుడిచేతి హుక్ షాట్ అందంగా ఉంటుంది. ఎడమచేయి ఉందో లేదో తెలియదు. ఫ్రీ త్రోలు పదింట్లో నాలుగు పడితే ఆ రోజు మంచి రోజు. రెండో సగంలో నాలుక బయటపెడతాడు.

మరి బాగున్నదేమిటి? గ్యాలరీలో ఈలలు వేసేవాళ్లు చూడనిది ఒకటుంది. ఇద్దరు మీద పడినపుడు వాడు కంగారుపడడు. బంతి పైకెత్తి పట్టుకొని, రింగు వైపు దూసుకొస్తున్నవాణ్ణి కనిపెట్టి అందిస్తాడు. ఇది నేర్పితే వచ్చేది కాదు. డ్రేమండ్ గ్రీన్ అని సరిగ్గా వీడి ఎత్తే ఉన్న అమెరికా ఆటగాడు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఆడి, 2012లో రెండో రౌండులో ముప్ఫై అయిదో పేరుగా వెళ్లాడు. చూపు, తెలివి, కాళ్ల కదలిక. వీటితోనే 2017లో లీగు ఉత్తమ డిఫెండరు అయ్యాడు. వీణ్ణి వాడితో పోల్చడం లేదు బాబూ! వీడిలో పెంచవలసింది ఎత్తు కాదు, ఆ చూపు అంటున్నాను.

మొన్న కోర్టు పక్కన నన్ను అడిగాడు, "ఏమన్నా, నిజం చెప్పు, నన్ను తీసుకుంటారంటావా?" అని. అప్పుడు చెప్పినదే ఇక్కడా వ్రాస్తున్నాను. అమెరికా మాట మరిచిపో. మన దేశపు లీగులో ఆడే వీలుంది, కాని ఈ యేడు కాదు. 2015లో యు.బి.ఏ. లీగు వచ్చింది, అందులో హైదరాబాద్ స్కై అని మన జట్టూ ఉండేది. 2017 తరువాత అది లేదు. 2025లో ఇరవై అయిదేళ్ల లోపువాళ్లతో ఐ.ఎన్.బి.ఎల్. ప్రో నడిపారు, అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ జట్టు ఆడింది. ఇలా వచ్చిపోయే లీగుల కోసం ఉన్న చేను అమ్ముకుంటారా? స్పోర్ట్స్ కోటాలో రైల్వేవాళ్లు ట్రయల్స్ పెట్టి తీసుకుంటారు, జీతం ఇచ్చి ఆడిస్తారు. మన లంబూకు అసలైన డ్రాఫ్టు అదే. దానికి డిగ్రీ అడ్డం రాదు. ఫ్రీ త్రోలే అడ్డం వస్తాయి.

అకాడమీ వాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఉచితంగా తీసుకుంటామంటే రేపే పొమ్మంటాను. ఫీజు కట్టించుకొని ఎన్.బి.ఏ. పేరు చెప్పేవాడిని మాత్రం నమ్మను. వాడికి కావలసింది లంబూ ఆట కాదు గదా! పల్లె పిల్లలకు ఆట నేర్పాలంటే పొలం అమ్మించనక్కరలేదు. 2010లో అనంతపురంలో ఆర్.డి.టి. వాళ్ల ఆవరణలో నడాల్ ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ బడి మన జిల్లాల వాళ్లంతా ఎరిగినదే.

యూనియను మిత్రులకు ఒక్క మనవి. సావనీరు ప్రకటనల డబ్బు మిగిలితే మరో సన్మానసభ పెట్టకండి. కోర్టుకు రెండు లైట్లు వేయించండి, ల్యాబులు ముగిసేసరికి చీకటి పడుతోంది. లంబూ రోజుకు రెండు వందల ఫ్రీ త్రోలు వేయాలి, బంతి అందించడానికి ఒక జూనియరు కావాలి. రింగు ఎత్తు కూడా టేపు పెట్టి కొలిపించండి. పది అడుగులుండాలి. మనది వెల్డింగు చేయించిన తరువాత మూడంగుళాలు కిందికి దిగిందని నా అనుమానం. ఇక్కడ పడే షాట్లు పై ఊళ్లలో వాడికి ఎందుకు తప్పుతున్నాయో కొంతవరకు అక్కడే తేలుతుంది.