బ్లూబెర్రీ మంచిదే, కానీ ఆ పొలం ఎవరిది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

ఈ మధ్య మనవాళ్ల స్టేటస్‌లలో కూడా బ్లూబెర్రీ కనిపిస్తోంది. మెదడుకు మంచిది, గుండెకు మంచిది అని. అబద్ధమేం కాదు. అందులోనూ అడవి బ్లూబెర్రీ సాగు పండు కన్నా చిన్నది, గుజ్జు తక్కువ, తోలు ఎక్కువ. ఆ నీలం రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఎక్కువగా తోలులోనే ఉంటాయి. పీచు, మాంగనీసు, కొంచెం విటమిన్ సి కూడా ఉంటాయి. రక్తనాళాలకు మేలు చేస్తుందని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. కానీ ఇది తింటే షుగర్ పోతుంది, గోళీలు మానేయండి అనే పోస్టులు మాత్రం దయచేసి షేర్ చేయకండి. అక్కడివాళ్లకు అది మందు కాదు, తిండి. జావలో వేసుకుంటారు, రొట్టెల్లో పెడతారు, జామ్ చేస్తారు. పాతకాలంలో ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్లు, మనం ఇప్పపువ్వు దాచుకున్నట్టే.

ఇంతకీ "అక్కడివాళ్లు" అంటే ఎవరు? నన్ను ఆపింది ఈ ప్రశ్నే. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అడవి బ్లూబెర్రీకి అదే పేరున్న చోటు. దాన్ని ఎవరూ నాటరు, వేర్లు భూమిలోపలే పాకుతాయి. పైన కాల్చేస్తే మళ్లీ చిగురించి, రెండో ఏడు కాస్తుంది. ఇలా కాల్చే పద్ధతి అక్కడి ఆదివాసులది. తునికాకు కోసం కొమ్మ కొట్టేది మనకు తెలుసు కదా, అలాంటి తెలివే. మనం నిప్పు పెడితే కేసు, వాళ్ల పద్ధతి మాత్రం ఇవాళ వ్యవసాయ శాస్త్రం.

ఆ ఆదివాసుల్లో పాసమక్వాడీ తెగ ఒకటి. పోయిన భూముల కోసం కొట్లాడితే 1980లో ఒప్పందం చట్టమైంది. వచ్చిన డబ్బుతో వాళ్లు ఒక బ్లూబెర్రీ కంపెనీనే కొనుక్కున్నారు. ఇప్పుడు పొలం తెగది, కంపెనీ తెగది. పోగొట్టుకున్నదంతా తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

మన దగ్గరికి వస్తే, నేరేడు పండుకు ఆ ఊదా రంగు ఇచ్చేది కూడా ఆంథోసయనిన్లే. ఉసిరిలో విటమిన్ సి నారింజ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కొందరు అన్నలు "మన పండ్లకు కూడా సూపర్‌ఫుడ్ అని పేరు రావాలి" అంటున్నారు. నేను ఒప్పుకోను. పేరు వస్తే పట్నంలో ధర పెరుగుతుంది, గంప మోసిన అమ్మకు పెరుగుతుందని ఏముంది? మొర్రి పండు చూడండి. గుజ్జు మన పిల్లలు తింటారు, లోపలి సారపప్పు పట్నం షాపులో కిలో వెయ్యి రూపాయల పైమాటే. ఏరినవాళ్లకు అందులో ఎంత ముడుతుందో మన ఇళ్లల్లో అడిగితే చాలు.

చట్టం మన చేతిలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కే ఇచ్చింది, ఏరుకునే పర్మిషన్ కాదు. లేనిది నిల్వ. నేరేడు రెండు రోజులు ఆగదు, అందుకే సాయంత్రం అయ్యేసరికి షావుకారు చెప్పిందే ధర. మెయిన్ పండు కూడా త్వరగా పాడయ్యేదే, వాళ్లు కోసిన వెంటనే చాలా భాగం ఫ్రీజ్ చేస్తారు. 2018 నుంచి వన్ ధన్ కేంద్రాలు అంటున్నారు కదా, వాటిలో బోర్డు కన్నా ముందు ఒక ఫ్రీజర్, గుజ్జు తీసే మిషన్ అడుగుదాం. కొనేవాళ్లు ఎవరంటారా? మన హాస్టళ్లే. జూన్‌లో హాస్టల్ తెరిచేసరికి చుట్టూ నేరేడు రాలుతుంటుంది, ప్లేట్లో మాత్రం లారీలో వచ్చిన అరటిపండు. అరటిపండు మీద నాకు కోపం లేదు. వారానికి రెండు రోజులు మన ఊరి మహిళా సంఘం తెచ్చిన పండు పెట్టమని మెనూ కమిటీకి రాద్దామంటున్నాను.

లెటర్ డ్రాఫ్ట్ నేను రాస్తాను. మీ ఊళ్లో నేరేడు, మొర్రి గింజ ఎవరు కొంటున్నారు, కిలోకు ఎంత ఇస్తున్నారు, ఊరి పేరుతో సహా కింద రాయండి.