ఫైను కడితే తీరే కేసు కాదు

తాగి బండి నడుపుతూ పోలీసులకు దొరికినవాడి చెయ్యి ముందు జేబులోకి పోతుంది. 'సార్, ఫైను ఎంతో చెప్పండి, కట్టేసి పోతా' అంటాడు. హెల్మెట్ లేనందుకైతే అక్కడికక్కడే కట్టి రశీదు తీసుకోవచ్చు. ఇది అలా కుదరదు. పోలీసులు డబ్బు కట్టించుకుని వదిలేయగల నేరాల జాబితా మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్‌లో ఉంది. తాగి నడపడానికి సంబంధించిన 185వ సెక్షన్ అందులో లేదు. కాబట్టి ఖటక్ చించోళిలో దొరికితే భాల్కి కోర్టు మెట్లెక్కాల్సిందే. కోర్టుకు పోకుండా మధ్యలో ఎవరైనా డబ్బు తీసుకుని 'ఇక పో' అన్నారంటే అది ఫైను కాదు, లంచం.

లెక్క తెలిసిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. తొలిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్లు, 15 వేలు. 2019 సెప్టెంబరు 1కి ముందు తొలిసారి జరిమానా 2 వేలే. ఆ పాత లెక్క ఇంకా చాలామంది బుర్రల్లోంచి పోలేదు. గొట్టంలో ఊదనంటే తప్పించుకోవచ్చని ఇంకో అపోహ. సరైన కారణం లేకుండా ఊదకపోతే అదే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

అవతలి ఊళ్లవాళ్లు చేసే పొరపాటు వేరు. జహీరాబాద్ వైపో నారాయణఖేడ్ వైపో దాటిపోతే కేసు ఇక్కడే పడి ఉంటుందనుకుంటారు. సమన్లకు పలకకపోతే వారంటు వస్తుంది. దాన్ని పట్టుకుని ఇంటికొచ్చేది అక్కడి పోలీసులే. లైసెన్సు తెలంగాణలో తీసుకున్నదైనా సస్పెండ్ అవుతుంది. గల్ఫ్‌కు పోదామని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే పెండింగ్ కేసులున్నాయా అని అక్కడా అడుగుతారు. అన్నట్టు, కలబురగి జిల్లాలో మరో చించోళి ఉంది. కాగితం మీద కోర్టు పేరు చూసుకుని బస్సెక్కండి.

అసలు దెబ్బ ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది. తాగి గుద్దితే సొంత బండికి బీమా రాదు. పరీక్ష జరగకపోయినా తాగి నడిపినట్టు వేరే ఆధారాలతో కంపెనీ రుజువు చేయవచ్చని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. అవతలివాళ్లకు ఇచ్చిన పరిహారాన్ని కూడా కంపెనీ తిరిగి మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. దానికి పొలం అమ్మాల్సి రావచ్చు. మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ల దాకా జైలు. ప్రాణం పోతుందని తెలిసే నడిపాడని కోర్టు భావిస్తే 105 కింద పదేళ్ల దాకా పోతుంది. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడింది. దాని కిందికి వచ్చిన బైకును అంతకుముందే డివైడర్‌కు గుద్దినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. అతను పోయాడు, బస్సులో 19 మంది పోయారు.

ఇంత కఠినమైన చట్టం పోలీసులనూ కట్టేసింది. అరెస్టు చేసిన రెండు గంటల్లోపు డాక్టరుతో పరీక్ష చేయించాలి, లేదంటే వదిలెయ్యాలి. ఎందుకు పట్టుకున్నారో రాతపూర్వకంగా, పట్టుబడినవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2025 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదీ ముంబయి వర్లీలో కారు గుద్ది మనిషి చనిపోయిన కేసులోనే. మన సరిహద్దుకు ఈ తీర్పు చాలా ముఖ్యం. కన్నడం మాట్లాడగలిగినా చదవలేని తెలుగువాళ్లు ఇక్కడ ఇంటికొకరుంటారు. ఏం రాసుందో తెలియని కాగితం కింద వేలిముద్ర వేయించుకోవడం ఇకనైనా మానాలి. అరెస్టు కారణాలు, కోర్టు పేరు, హాజరు కావాల్సిన తేదీ, ఈ మూడింటికీ తెలుగులో ఒక అచ్చు ఫారం పెట్టుకుంటే ఠాణాకు పెద్ద ఖర్చేమీ కాదు. బీదర్ పోలీసు అధికారులు ఆ పని ఖటక్ చించోళితో మొదలుపెట్టవచ్చు.