లింకు ఎక్కడ తెరుచుకోవాలి?

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో ధరల పట్టిక గూగుల్ షీట్‌గా వాట్సాప్‌లో వచ్చిపడే రోజులివి. అదే నగరంలోని లింబాయత్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల కుర్రాళ్లకూ ఈ లెక్కలు కొత్తేమీ కాదు. కంప్యూటర్‌లో ఆ షీట్‌లోని చీర ఫొటో లింకు నొక్కితే కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది, పట్టిక చెక్కుచెదరదు. అదే లింకు బ్రౌజర్‌లో తెరిచిన పీడీఎఫ్‌లో ఉంటే, చాలాసార్లు పట్టిక మాయమై ఫొటో వచ్చి కూర్చుంటుంది. వర్డ్‌ది మరో తీరు: మామూలుగా కంట్రోల్ మీట పట్టుకుని నొక్కితేనే లింకు కదులుతుంది, అది చిరాకనిపిస్తే ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్‌లో టిక్కు తీసేయొచ్చు. వెబ్ వాడకం నిపుణుడు జేకబ్ నీల్సన్ 1999లోనే కొత్త విండోలు తెరవడాన్ని తప్పుల జాబితాలో వేశాడు. వెనక్కి వెళ్లే బాణం అక్కడ పనిచేయదు మరి. వ్యాసం చదివేవాళ్ల విషయంలో ఆయన మాట సరే. సగం ఆర్డరు నింపిన గుమాస్తాకు మాత్రం అది చెల్లదు, ఫారం ఉన్న పేజీ మారిపోతే టైపు చేసిందంతా గంగలో కలిసినట్టే. పత్రాలు తయారుచేసేవారు లింకు పక్కన ‘కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది’ అని ఒక్క ముక్క రాయాలి. రాయకపోతే చదివేవారే కంప్యూటర్‌లో కంట్రోల్ పట్టుకుని నొక్కాలి, ఫోన్‌లో లింకును కాసేపు అదిమి పట్టి కొత్త ట్యాబ్‌ను ఎంచుకోవాలి.