అక్టోబర్ కోసం ఎంత ఇవ్వాలి?

2025 జులై మొదటి వారంలో తానా మహాసభలకని అమెరికా నలుమూలల నుంచి తెలుగువాళ్లు డెట్రాయిట్ శివారులోని నోవైకి చేరారు. డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు టైగర్స్ అప్పుడు మంచి ఊపు మీదుంది. సభలు ముగిసిన కొద్ది రోజులకే, అదే డివిజన్‌లోని క్లీవ్‌ల్యాండ్ గార్డియన్స్ వాళ్లకంటే పదిహేనున్నర ఆటలు వెనకబడిపోయింది. ఆ రోజు నుంచి టైగర్స్ రోజూ ఓడి, గార్డియన్స్ రోజూ గెలిచినా అందుకోవడానికి రెండు వారాలు దాటుతుంది. సెప్టెంబర్ ఆఖరుకి లెక్క చూస్తే క్లీవ్‌ల్యాండ్‌కి 88 గెలుపులు, డెట్రాయిట్‌కి 87. మేజర్ లీగ్ చరిత్రలో ఇంత వెనక నుంచి వచ్చి డివిజన్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు.

సీజన్ ముగిసిన రెండో రోజునే ఈ రెండు జట్లూ మూడు మ్యాచుల వైల్డ్ కార్డ్ సిరీస్‌లో ఎదురుపడ్డాయి. డెట్రాయిట్ రెండు గెలిచింది, క్లీవ్‌ల్యాండ్ ఒకటి. గార్డియన్స్ కథ అక్కడితో ముగిసింది. మూడు నెలల పోరాటం వాళ్లకు తెచ్చిపెట్టింది ఆ మూడు మ్యాచులూ సొంత మైదానంలో ఆడుకునే వీలు మాత్రమే.

నేను గార్డియన్స్ అభిమానిని కాను. అయినా ఈ ఫలితం నన్ను ఇంకా బాధపెడుతూనే ఉంది. 162 మ్యాచుల సీజన్‌కి విలువెంత అన్న ప్రశ్న దీనిలో ఉంది. జులై ఆఖరున పిచర్ల కోసం జట్లు చేసే బేరాలకు మూలం కూడా ఈ ప్రశ్నే. ట్రేడ్ల గురించి మాట్లాడేవాళ్లు ఒకవైపు, ప్లేఆఫ్స్ పద్ధతి గురించి వాదించేవాళ్లు ఇంకోవైపు ఉంటున్నారు. నా దృష్టిలో ఆ రెండూ ఒకటే చర్చ.

1968 దాకా రెండు లీగ్‌లలో మొదటి స్థానంలో నిలిచిన జట్లే నేరుగా వరల్డ్ సిరీస్ ఆడేవి. 1969లో డివిజన్లు వచ్చి నాలుగు జట్లకు చోటు దొరికింది. 1995లో ఎనిమిది, 2012లో పది, 2022లో పన్నెండు అయ్యాయి. మొత్తం జట్లు ముప్ఫై. ఒక్కో లీగ్ నుంచి ఆరు జట్లు వెళ్తాయి. వాటిలో మెరుగైన ఇద్దరు డివిజన్ విజేతలకు మొదటి రౌండ్ ఆడే పని లేదు. మూడో విజేత మాత్రం, డివిజన్ గెలవకపోయినా మంచి రికార్డుతో చోటు దక్కించుకున్న వైల్డ్ కార్డ్ జట్లతో కలిసి ఆ రౌండ్ ఆడాలి. క్లీవ్‌ల్యాండ్ స్థానం అదే.

ఈ అంకెలు జట్టు యజమాని లెక్కలను ఎలా మార్చాయో చూడాలంటే డెట్రాయిట్‌నే తీసుకోవచ్చు. 1987 ఆగస్టులో టైగర్స్‌కి పిచర్ కావాల్సి వచ్చింది. అప్పట్లో 26 జట్లలో నాలుగే ముందుకు వెళ్లేవి. రెండో స్థానానికి ఏమీ దక్కేది కాదు. అందుకే అట్లాంటా నుంచి 36 ఏళ్ల డాయిల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకుని, బదులుగా మిషిగన్‌లోనే పెరిగిన ఇరవై ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చేశారు. అలెగ్జాండర్ డెట్రాయిట్‌కి 9 గెలుపులు తెచ్చాడు, ఒక్క ఓటమీ లేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు అతను ఇచ్చిన పరుగుల సగటు 1.53. చివరి మూడు రోజుల్లో టొరంటోని సొంత మైదానంలో మూడుసార్లు ఓడించి టైగర్స్ డివిజన్ గెలిచింది. స్మోల్ట్జ్ ఆ తర్వాత 1995లో వరల్డ్ సిరీస్ గెలిచిన అట్లాంటా జట్టులో ఉన్నాడు, 1996లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇది బేస్‌బాల్ చరిత్రలోని చెత్త బేరాల్లో ఒకటని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. అలెగ్జాండర్ రాకపోతే ఆ డివిజన్ వచ్చేది కాదు. డివిజన్ రాకపోతే ఆ ఏడాది ఇంకేమీ వచ్చేది కాదు. ఏ బహుమతికి ఎంత ధర చెల్లించాలో తెలిసే ఇచ్చారు. 98 గెలుపుల టైగర్స్ ఆ తర్వాత 85 గెలుపుల మిన్నెసోటా చేతిలో 4-1తో ఓడిపోయింది, అది వేరే దుఃఖం. చిన్న సిరీస్‌లో బలహీనులు గెలవడం ఈనాటి పద్ధతి తెచ్చిన వింత కాదని కూడా ఆ ఫలితం గుర్తుచేస్తుంది. అయితే మిన్నెసోటా తన డివిజన్ గెలిచి వచ్చిన జట్టు.

ఇప్పుడు 2024కి రండి. జులై ఆఖరున టైగర్స్ ఆశ వదులుకుని, జట్టులోని మంచి స్టార్టింగ్ పిచర్ జాక్ ఫ్లాహర్టీని లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్‌కి ఇచ్చేసింది. బదులుగా ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఆగస్టు రెండో వారంలో టైగర్స్ 55 గెలిచి 63 ఓడిన స్థితిలో ఉంది. అక్కడి నుంచి మిగిలిన 44 మ్యాచుల్లో 31 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. వరుసగా ఏడేళ్లు లీగ్ ఫైనల్ దాకా వెళ్లిన హ్యూస్టన్‌ని రెండు మ్యాచుల్లోనే ఇంటికి పంపింది. ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకడైన ట్రే స్వీనీ అప్పటికి జట్టు షార్ట్‌స్టాప్. అటు ఫ్లాహర్టీ డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచి, మళ్లీ డెట్రాయిట్‌కే సంతకం చేశాడు. పదేళ్లుగా ప్లేఆఫ్స్ చూడని ఊరికి ఆ శరదృతువు ఎంత సంబరం తెచ్చిందో నాకు తెలుసు. పన్నెండు జట్ల పద్ధతి లేకపోతే ఆ సంబరం లేదు. అందుకే జట్ల సంఖ్యను తగ్గించమని నేను అడగను.

కానీ ఆ అనుభవం జనరల్ మేనేజర్లందరికీ ఒక పాఠం నేర్పింది, అది నాకు నచ్చదు. అమ్మినా ప్లేఆఫ్స్ రావచ్చు, కొనకపోయినా రావచ్చు, 86 గెలుపులు చాలు. అలాంటప్పుడు పేరున్న కుర్రాళ్లను ఇచ్చి పెద్ద పిచర్‌ని ఎందుకు తేవాలి?

2025 జులైలో టైగర్స్ సరిగ్గా ఇలాగే ఆలోచించింది. అప్పటికే యువ పిచర్ జాక్సన్ జోబ్‌కి మోచేతి శస్త్రచికిత్స అయింది, రీస్ ఓల్సన్ భుజం దెబ్బతిని సీజన్‌కి దూరమయ్యాడు. ఐదుగురు ఉండాల్సిన వరుసలో ఇద్దరు పోతే వెలితి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. స్టార్టింగ్ పిచర్ బంతులను ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి విసురుతాడు, ఫాస్ట్‌బాల్ వేగం తరచూ గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. ఒకసారి ఆడాక నాలుగైదు రోజుల విశ్రాంతి ఉంటేగాని మళ్లీ రాలేడు. అందుకే ఆ ఐదుగురిలో ప్రతివాడూ ముఖ్యుడే. స్కాట్ హారిస్ నడిపే టైగర్స్ యాజమాన్యం క్రిస్ ప్యాడక్‌ని, 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌ని, ఆఖరి ఇన్నింగ్స్‌ల కోసం కైల్ ఫినెగన్‌ని తెచ్చింది. కెవిన్ మెక్‌గోనిగల్, మ్యాక్స్ క్లార్క్ లాంటి కుర్రాళ్లను ఎవరికీ ఇవ్వలేదు. ఫినెగన్ బాగానే పనికొచ్చాడు. ప్యాడక్‌ని స్టార్టర్ల వరుస నుంచి తప్పించాల్సి వచ్చింది. మోర్టన్‌ని సెప్టెంబర్ ముగియకముందే వదులుకున్నారు. ఆ సెప్టెంబర్‌లోనే డివిజన్ చేజారింది.

ప్లేఆఫ్స్ జరిగే అక్టోబర్‌లో లెక్క వేరు. మధ్యలో సెలవు రోజులు ఉంటాయి కాబట్టి ఐదో స్టార్టర్ అక్కర్లేదు, నాలుగోవాడితోనూ పెద్దగా పని ఉండదు. ఒకరిద్దరు గొప్ప స్టార్టర్లు, వాళ్ల తర్వాత బంతి అందుకునే రిలీఫ్ పిచర్ల బృందం, అంటే బుల్‌పెన్‌లో నమ్మదగ్గ నలుగురైదుగురు ఉంటే చాలు. డెట్రాయిట్‌కి టారిక్ స్కూబల్ ఉన్నాడు. 2024లోనూ, 2025లోనూ అమెరికన్ లీగ్ సై యంగ్ అవార్డు అతనిదే. క్లీవ్‌ల్యాండ్‌తో తొలి మ్యాచ్‌లో 14 స్ట్రయికవుట్లు చేశాడు. తర్వాత సియాటిల్‌తో సిరీస్‌లో నిర్ణాయకమైన ఐదో మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్‌లలోనే 13 చేశాడు. అతను వెళ్లేటప్పటికి టైగర్స్ 2-1తో ముందుంది. బంతి బుల్‌పెన్ చేతికి వెళ్లిన ఏడో ఇన్నింగ్స్‌లోనే స్కోరు సమమైంది. ఆ మ్యాచ్ పదిహేను ఇన్నింగ్స్‌లు సాగి 3-2తో సియాటిల్ వశమైంది.

2025లో స్కూబల్ మొదలుపెట్టిన మూడు ప్లేఆఫ్ మ్యాచుల్లో టైగర్స్ గెలిచింది ఒక్కటే. ఆ మూడింటిలోనూ అతను బాగానే ఆడాడు. పక్కన రెండో స్కూబల్ లేడు, బ్యాట్లు మోగలేదు. జులైలో ఒక మంచి కుర్రాడిని ఇచ్చి ఒక మంచి స్టార్టర్‌ని తెచ్చి ఉంటే డివిజన్ దక్కేదని ప్రమాణం చేసి చెప్పలేను. ఒక్క ఆట తేడాతో పోయిన డివిజన్ అది అని మాత్రం చెప్పగలను.

ఎక్కువ ఇచ్చుకున్నవాళ్లు బాగుపడ్డారా అంటే, అదీ లేదు. అదే జులైలో శాన్ డియేగో పాడ్రెస్, మేసన్ మిల్లర్ అనే మెరుపు వేగపు రిలీఫ్ పిచర్‌నీ, అతనితోపాటు మరో పిచర్‌నీ తెచ్చుకుంది. అందుకు పద్దెనిమిదేళ్ల లియో డె వ్రీస్‌తోపాటు ముగ్గురు కుర్ర పిచర్లను అథ్లెటిక్స్‌కి ఇచ్చేసింది. ఆ వయసులో అంత పేరున్న ఆటగాడిని ఒక రిలీఫ్ పిచర్ కోసం వదులుకోవడం చాలా పెద్ద ధర. జులై ఆఖరున సగానికి పైగా జట్లకు ఏదో ఒక ఆశ మిగిలి ఉంటే అమ్మేవాళ్లు తక్కువై, కొనేవాళ్లు ఎక్కువై, ధర అలాగే పెరుగుతుంది. పాడ్రెస్ ఆ తర్వాత మూడు మ్యాచుల వైల్డ్ కార్డ్ సిరీస్‌లో షికాగో కబ్స్ చేతిలో ఓడి వెనుదిరిగింది.

మొదటి స్థానానికి విలువ పెంచితే తప్ప ఈ ముడి విడిపోదని నా నమ్మకం. మన ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు ఒక ఓటమి మాఫీ. 2024లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మొదటి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఓడినా, రెండో క్వాలిఫయర్‌లో రాజస్థాన్‌ని ఓడించి ఫైనల్‌కి వెళ్లగలిగింది అందుకే. మేజర్ లీగ్‌లో మంచి జట్టుకు దొరికేది ఐదారు రోజుల విశ్రాంతి. 2023లో 104, 101, 100 గెలుపులు సాధించిన అట్లాంటా, బాల్టిమోర్, డాడ్జర్స్ ఆ విశ్రాంతి తీసుకుని, బరిలోకి దిగిన మొదటి సిరీస్‌లోనే ఓడిపోయాయి. బాల్టిమోర్, డాడ్జర్స్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ 90 గెలుపుల టెక్సస్‌కీ 84 గెలుపుల అరిజోనాకీ మధ్య జరిగింది.

జపాన్‌లో లీగ్ విజేత క్లైమాక్స్ సిరీస్ అనే ప్లేఆఫ్స్ ఆఖరి దశను కనీసం ఒక గెలుపు ముందే ఖాతాలో వేసుకుని మొదలుపెడుతుంది, మ్యాచులన్నీ తన మైదానంలోనే. కొరియాలో మొదటి స్థానం జట్టు నేరుగా ఫైనల్లో కూర్చుంటుంది. అక్కడి వైల్డ్ కార్డ్ పోరులో నాలుగో స్థానం జట్టుకు ఒక గెలుపు ముందే ఉంటుంది. అలా చేస్తే కిందివాళ్ల ఆశ చచ్చిపోతుందని అమెరికాలో అభ్యంతరం చెప్తారు. 2024లో జపాన్‌లో తన లీగ్‌లో మూడో స్థానంలో నిలిచిన యోకొహామా ఆ అడ్డంకి దాటి దేశ విజేత అయింది. అదే ఏడాది కొరియాలో ఐదో స్థానంలో ఉన్న కేటీ విజ్, నాలుగో స్థానంలోని దూసాన్‌ని వరుసగా రెండుసార్లు ఓడించి ముందుకు వెళ్లింది. ఆశ బతికే ఉంది, దాని ధర పెరిగింది. అది న్యాయమైన ధర.

మేజర్ లీగ్ యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. గతసారి బేరంలో యజమానులు పద్నాలుగు జట్లు అడిగి పన్నెండుకి ఒప్పుకున్నారు. ఈసారి మళ్లీ అడగరన్న భరోసా లేదు. సంఖ్య ఎంతైనా, డివిజన్ గెలిచిన జట్టుకు వైల్డ్ కార్డ్ జట్టు మీద ఒక గెలుపు ముందే రాసిపెట్టాలని ఆటగాళ్ల సంఘం పట్టుబట్టాలి. అందులో వాళ్ల ప్రయోజనమూ ఉంది. డివిజన్ కోసం జట్లు నిజంగా పోటీ పడితేనే మంచి పిచర్ మీద జులైలోనూ, చలికాలంలోనూ డబ్బు పెట్టే చేతులు పెరుగుతాయి. 2026 సీజన్ తర్వాత ఫ్రీ ఏజెంట్ అయ్యే స్కూబల్ విషయంలోనూ అంతే. అతన్ని అట్టిపెట్టుకోవడానికి డెట్రాయిట్ ఎంత దూరం వెళ్తుందన్నది, 95 గెలుపులకీ 87 గెలుపులకీ మధ్య తేడా ఎంతన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఆ ఒక్క గెలుపు నియమం 2025లోనే ఉండి ఉంటే, మొదటి మ్యాచ్ ఓడి రెండో మ్యాచ్ 6-1తో గెలిచిన క్లీవ్‌ల్యాండ్ ఆ రాత్రే సియాటిల్ విమానం ఎక్కేది.