సున్నపురాయి డబ్బులో తండా వాటా ఎంత?

సాగర్ దిగువన కృష్ణా తీరం వెంట దామరచర్ల నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా నేల కింద సున్నపురాయి ఉంది. నేల మీద లంబాడీ తండాలు, దళితవాడలు, వాటి మధ్య సిమెంటు ఫ్యాక్టరీలు. రాయి తవ్విన కంపెనీ ప్రభుత్వానికి రాయల్టీ కడుతుంది. మరి గని పక్కన బతికే జనానికి ఏం దక్కాలి?

ఏజెన్సీలో అయితే 1997 నాటి సమత తీర్పు ఉంది. గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవనీ, నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి కేటాయించాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఐదో షెడ్యూల్ ప్రాంతమే లేదు. ఆ ప్రాంతాల నోటిఫికేషన్ 1950 నాటిది. తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరింది 1976 చట్టంతో. మనుషులు జాబితాలోకి వచ్చారు, వాళ్ల నేల రాలేదు. అందుకే ఇక్కడ 1/70 చట్టం, పెసా వర్తించవు. దళితులకు అలాంటి ప్రాంత రక్షణ ఎక్కడా లేదు.

మిగిలింది జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. 2015 గనుల చట్ట సవరణతో వచ్చింది. పాత లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. సిమెంటు సున్నపురాయికి 2014లో ఖరారైన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. అంటే ట్రస్టుకు వచ్చేది 24 లేదా 8 రూపాయలు. పది లక్షల టన్నులు తవ్వితే పాత లీజు మీద 2.4 కోట్లు, వేలం లీజు మీద 80 లక్షలే.

ఇది దయ కాదు, చట్టం ఇచ్చిన వాటా. తాగునీరు, ఆరోగ్యం, చదువు వంటి ప్రాధాన్య రంగాలకు కనీసం 70 శాతం ఖర్చు చేయాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిక్కు మరోచోట ఉంది. గని నుంచి 15 కిలోమీటర్ల దాకా ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతమే. ఆ లెక్కలో గని అంచున దుమ్ము పీల్చే తండా, దూరాన ఉన్న పట్టణం ఒకటే. ట్రస్టుకు అధ్యక్షుడు కలెక్టర్, సభ్యుల్లో ఎంపీ, ఎమ్మెల్యేలు. అక్కడ తండా గొంతు ఎంత వినిపిస్తుంది?

అందుకే ముందు అడగాల్సింది బాధితుల జాబితా. దాన్ని తయారు చేయడం, ఎప్పటికప్పుడు సవరించడం ట్రస్టు బాధ్యత. 2013 భూసేకరణ చట్టం నిర్వచనంలో పట్టాదారులే కాదు, కౌలుదారులు, కూలీలు కూడా బాధిత కుటుంబాలే. భూమి లేని మాదిగ, మాల కుటుంబాలకు దారి చూపేది ఆ నిర్వచనమే. 2018లో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఇప్పుడు వాటికి సొంత గ్రామసభ ఉంది. జాబితా, పనుల వివరాలు, ఖర్చు లెక్క ఆ సభలో చదివి వినిపించాలని తీర్మానం చేయాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి.

ఐదో షెడ్యూల్ కోసం పోరాటం పెద్దది, సాగాల్సిందే. అందాకా టన్నుకు 24 రూపాయల లెక్క అడగడానికి ఏ షెడ్యూలూ అడ్డు కాదు.